బీరువా తలుపుకు ఆనించిన బేస్

"బిగినర్ని కాదు సార్" అని ఫోన్‌లోనే చెప్పి వెళ్లాను. అది అబద్ధం కాదు. మదనపల్లెలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయించాను. పెళ్లయి పుంగనూరు వచ్చి, పాప పుట్టాక కొన్నాళ్లు ఆపేసినా, మళ్లీ మొదలుపెట్టి ఫోన్‌లో వీడియోలు చూస్తూ అప్పటికంటే కష్టమైన పాటలు నేర్చుకున్నాను. ఇక సొంతంగా ముందుకు సాగడం లేదనిపించి ఈ సార్‌ను వెతుక్కున్నాను. ఆయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మదనపల్లెలో ఒక మొబైల్ షాపు మేడమీద ఒక్కొక్కరికే పాఠం చెబుతారు.

ఆ ఫోన్‌లోనే ఆయన ఇంకో మాట అన్నారు. వచ్చే నెల కుప్పంలో ఒక రిసెప్షన్ ఉంది, ఆ రోజు ఆయన కీబోర్డు దగ్గర కూర్చోవాలి, బేస్‌కు మనిషి లేరు. "బాగా వాయిస్తే నువ్వే కూర్చుందువులేమ్మా" అన్నారు. ఆ వారమంతా అన్నం కలుపుతున్నా, బట్టలు ఆరేస్తున్నా నాకు కుప్పమే. స్టేజీ ఎక్కి ఎన్నాళ్లయిందో!

మొదటి పాఠం రోజు ఆయన నా గిటార్‌కు కేబుల్ తగిలించి, శబ్దం పెంచే స్పీకర్ పెట్టె, ఆంప్, ఆన్ చేశారు. నాకు బాగా వచ్చిన పాటే ఎత్తుకున్నాను.

రేకుల కప్పు మీద ఎవరో రాళ్లు విసురుతున్నట్టు వినిపించింది. ప్రతి తీగా గిటార్ మెడ మీది మెట్లకు కొట్టుకుని టక్కుమంటోంది. స్వరం కంటే ముందు దెబ్బే చెవిని చేరుతోంది. ఆంప్ చెడిపోయిందనుకుని ఆగాను. నేను ఆగితే అదీ ఆగింది.

"ఆంప్ బాగనే ఉండాదమ్మా" అన్నారు సార్. "నువ్వు యాల అట్ల కొడతాండావు? దాంతో ఏమన్నా పాత పగ ఉండాదా?"

గిటార్ అందుకుని అదే పాట వాయించారు. వేళ్లు తీగను తాకుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. కింద నేల నుంచి పుడుతున్నట్టు, నిండుగా, నింపాదిగా పలికింది. అది నా గిటారే.

"ఇంట్లో ఎట్ల వాయిస్తావో అట్లనే సూపించు."

నేను కేబుల్ పీకేసి, గది తలుపు దగ్గరికి వెళ్లి, గిటార్ అంచును చెక్కకు ఆనించి వాయించాను. ఆంప్ లేకపోతే బేస్ దాదాపు మూగది. చెక్కకు ఆనిస్తే, వాయించే మనిషికి మాత్రం కాస్త వినిపిస్తుంది. అదీ గట్టిగా కొడితేనే. ఇంట్లో మా చెక్క బీరువా తలుపుకు ఆనించి వాయించేదాన్ని.

ఆయన తలుపు దాకా వచ్చారు. "ఎప్పట్నుంచి ఇట్ల?"

"మళ్లీ మొదలుపెట్టినప్పటి నుంచీ సార్. పాప లేస్తుందని."

"శబ్దం లేకుండా బేస్ నేర్చుకున్న మనిషిని ఇప్పుడే సూస్తాండా" అని నవ్వబోయి, నా ముఖం చూసి మానేశారు. "ఎడం చెయ్యి బాగుండాది. కుడిచెయ్యి మాత్రం మొదట్నుంచి రావాల. ఇంట్లో ఆంప్ పెట్టుకుని, తాకీ తాకనట్టు వాయించు. అరవాల్సింది ఆంప్, నువ్వు కాదు. ఇప్పుడున్నట్టే ఉంటే కుప్పంలో నిన్ను కూర్చోబెట్టలేనమ్మా."

పుంగనూరు బస్సులో నా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. సార్ చెప్పింది అర్థమైంది, చేసే దారి మాత్రం కనిపించలేదు. నాకు దొరికే సమయం పాప మధ్యాహ్నం నిద్రే. తనకు పసితనంలో ఒకసారి జ్వరంతో నిద్రలోనే ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత ఏమీ కాలేదు, డాక్టరు కూడా భయం లేదన్నారు. కానీ ఆ రోజు నుంచి తన నిద్ర నాకు కదిలితే ఒలికే నిండు గిన్నె. కాలింగ్ బెల్ వైరు పీకించాను. కుక్కరు పెరట్లోకి మార్చాను. ఇప్పుడు ఈ రాత్రి ఇది రాస్తూ కూడా, మధ్యలో లేచి తన పొట్ట ఎగసిపడుతోందా అని చూసి వచ్చాను. అలాంటి ఇంట్లో ఆంప్‌తోనే వాయించాలంటే ఇక వాయించడం మానేయడమే. కుప్పం లేనట్టే.

ఇంటికి చేరేసరికి పాప నిద్రపోతోంది. తనను కనిపెట్టుకుని ఉన్న మా అత్తకు జరిగిందంతా గుసగుసగా చెప్పాను.

"అయితే పెట్టుకుని వాయించు. యాల ఏడుస్తావు?" అంది.

"పాప లేస్తుంది కదత్తా."

అత్త తడి చేతిని కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చేతినే మళ్లీ తుడుచుకుంది. "లేవదమ్మా."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు బయటికి పోతే నేను టీవీ పెద్దగా పెట్టుకుని సీరియల్ సూస్తా. గ్రైండర్ కూడా అప్పుడే ఏస్తా. పక్కింటామె వచ్చిందంటే మా ఇద్దరి నోళ్లు నీకు తెలిసినవే. ఇది కాలు కూడా కదపదు."

"మరి నేనున్నప్పుడు?"

"నువ్వుంటే నీకు భయం కదా. నీ కోసరమే అందరమూ మెల్లగా ఉండాం. నీ మొగుడైతే తుమ్మొస్తే వాకిట్లోకి పరిగెత్తతాండాడు పాపం."

నేను మంచం మీద కూర్చుండిపోయాను. మునివేళ్ల మీద నడిచే ఇల్లు, పెరట్లో కుక్కరు, బీరువా తలుపు, బండబారిన నా కుడిచెయ్యి... అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్లముందుకు వచ్చాయి. నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. గ్రైండరా?

పాత చీరలో చుట్టి మంచం కింద దాచిన కాలేజీ నాటి ఆంప్ బయటికి లాగి, బాగా తగ్గించి ఆన్ చేశాను. తీగల మీద చూపు నిలవలేదు. పాప పొట్టనే చూస్తూ ఒక స్వరం తాకాను. అలమరలో స్టీలు గ్లాసులు జిమ్మన్నాయి. పాప నోట్లో వేలు సర్దుకుంది, అంతే.

"ఇంకొంచెం పెంచు, ఏమీ ఇనపడలే" అంది అత్త వంటింట్లోంచి.

అలవాటుపడిన చెయ్యి అంత సులువుగా మాట వినలేదు. ప్రతి పాఠంలోనూ సార్ "మళ్లీ కొడతాండావు" అంటూనే ఉన్నారు. చివరికి కుప్పంలో నెమ్మది పాటలు నాకిచ్చి, హుషారు పాటలకు వేరే మనిషిని పిలిచారు.

ఆ సాయంత్రం అత్త, మా ఆయన, పాప చివరి వరసలో, స్పీకర్లకు దూరంగా కూర్చున్నారు. అది నేను పెట్టిన షరతు. మొదటి పాటలో రెండుచోట్ల తీగ టక్కుమంది. సార్ కీబోర్డు మీంచి తలెత్తి చూశారు. రెండో పాటకు వేళ్లు వదులయ్యాయి, నేలలోంచి వచ్చే ఆ నింపాది నా పాదాలకు తగిలింది. దూరంగా పాప అత్త భుజం మీద నిద్రపోతోంది.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగాయి. గాయని నీళ్లు తాగుతోంది, హాలంతా ఒక్కసారిగా చడీచప్పుడు లేకుండా అయింది. అప్పుడు చివరి వరసలోంచి ఏడుపు లేచింది. ఆ గొంతు నాకు తెలియనిదా! గిటార్ దించేయబోయాను.

అత్త పాపను భుజం మీద జోకొడుతూ, రెండో చెయ్యి గాల్లో ఊపుతోంది, వాయించు వాయించు అని.