ఒక్క ఇంటికే వచ్చిన దేవదూత

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా తాతయ్య పుంగనూరులో పాస్టరు. ప్రతి క్రిస్మస్‌కూ పిల్లలం యేసు పుట్టుక కథ ఆడేవాళ్ళం. తర్వాత తాతయ్య దాని మీదే ప్రసంగం చేసేవాడు. ఆ ఏడు నేను దేవదూతను. హేరోదు రాజు బేత్లెహేములో పసిబిడ్డలను చంపించబోతున్నాడని యోసేపును కలలో హెచ్చరించడం నా వంతు. నేను చెప్పాల్సింది ఒకే మాట: "లే, బిడ్డనెత్తుకొని పారిపో."

నాకు రెక్కలు కుట్టింది పక్కింటి అక్క. ఆ నవంబరు వానల్లో జ్వరం తగిలి ఆమె బిడ్డ చనిపోయాడు. సంఘంలో అందరికంటే చిన్న బిడ్డను బాలయేసుగా తొట్టిలో పడుకోబెట్టడం మా ఆనవాయితీ. ఆ ఏడు వాడే పడుకోవాల్సింది. ఈసారికి కుట్టు పని వద్దులేమ్మా అని అందరూ చెప్పినా ఆమె వినలేదు.

నా వీపున రెక్కలకు పిన్నులు పెడుతూ నా మాట అప్పజెప్పించుకుంది. "ఒక్కింటికి సెప్పి పోతే ఎట్లప్పా? ఆ ఊర్లో మిగతా అమ్మలకు యాల సెప్పలా?" అంది. పక్కనే ప్రసంగం రాసుకుంటున్న తాతయ్య తలెత్తాడు. కలం పక్కన పెట్టాడు. మిగతా తల్లులకు ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది నాకు నిజమే అనిపించింది.

పండగ పొద్దున యోసేపును లేపాక నేను వేదిక మీద ఆగలేదు. కిందికి దిగి, చాపల మీద కూర్చున్న తల్లులందరికీ అదే మాట చెప్పుకుంటూ పోయాను. "బిర్యానీ తినకుండా యాడికి పోవాల్రా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. చివరి చాప మీద అక్క ఉంది. ఒడి ఖాళీగా ఉంది. నేను ఆమె ముందే ఆగిపోయాను. నవ్వులు కూడా ఆగిపోయాయి.

ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, వంగిన రెక్క సరిచేసి, "శానా లేటుగా వస్తివి కదప్పా" అంది.

తాతయ్య రాసుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, వచ్చి ఆమె చాప మీద కూర్చున్నాడు. "ఆ అమ్మలకు యాల సెప్పలేదో నాకు తెలీదమ్మా. ఇన్నేండ్లూ బైబిల్లో ఆ చోటు దాటేసి, యేసు పుట్నాడని గొర్రెల కాపర్లు పడిన సంతోషమే సెప్తా వస్తిని" అన్నాడు. అదే ఆనాటి ప్రసంగం.

ఇప్పుడు ఆగిపోయిన యంత్రాలను చూసి, ఎందుకు ఆగాయో కనిపెట్టడం నా ఉద్యోగం. కారణం దొరికేదాకా నాకు నిద్ర పట్టదు. కానీ బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు ఏ కారణమూ చెప్పను. చెప్పులు విడిచి, లోపలికి పోయి, ఆ తల్లి కూర్చున్న చోటే నేల మీద కూర్చుంటాను. వీపున ఆ పిన్నులు ఇంకా గుచ్చుకుంటూనే ఉంటాయి.