మడ్‌గార్డు కింద విన్న చప్పుడు

ఇన్నేళ్లుగా నన్ను కిందికి లాగుతున్నవి రెండు ఇనుప పట్టీలు. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కూడా వంగదు. అయినా వాటిని దించుకునే చోటు నాకు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదు.

బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కొలిచే పని నాది. బడి చిన్నప్పుడే ఆగిపోయింది, లెక్క మాత్రం ఆగలేదు. పొడవూ వెడల్పూ చూస్తే చాలు, చదరపు అడుగులు నోటికి వచ్చేవి. అనుమానపడి టేపు వేసినవాళ్లు చివరికి తల ఊపేవాళ్లు. ఆ తల ఊపడం కోసమే నేను బతికానేమో. ఇప్పుడు తలచుకుంటే రోత పుడుతుంది.

ఓబులేసు మా ఫ్యాక్టరీ మనిషే. నమూనా బండముక్కలు మోటారు సైకిలు వెనక కట్టుకుని, కోయిలకుంట్ల దాకా తిరిగి ఇళ్లు కట్టించేవాళ్లకు చూపించేవాడు. పొట్టివాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పాత బండి ఒకటి కొన్నాడు. ఆగిన ప్రతిచోటా మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చేది. టీ అంగడి దగ్గర ఊరుకుంటారా? "ఏమప్పా, నువ్వు బండిని తోల్తాండావా, బండి నిన్ను తోల్తాందా?" అనేవాళ్లు. "నిచ్చెన తెప్పియ్యమంటావా?" అని ఇంకొకడు. వాళ్లతోపాటు తానూ నవ్వేసి, తర్వాత నా దగ్గరికి వచ్చాడు. కాళ్లు నేలకు అందేట్టు చెయ్యమన్నాడు. మెకానిక్ మహబూబును కూడా ఒకమాట అడుగుదామన్నాడు. అంతకు రెండు రోజుల ముందే ఆ బండి వెనక చక్రానికి కొత్త ట్యూబు వేసింది మహబూబే. పానా తిప్పడం తప్ప అతనికేం తెలుసని నేనే వద్దన్నాను.

పని మా ఇంటి వాకిట్లోనే జరిగింది. వెనక షాక్ అబ్జార్బరు కింది బోల్టు చక్రం దగ్గర ఉంటుంది. అక్కడ ఒక ఇనుప పట్టీ బిగించి, ఆ బోల్టుకు కాస్త కింద వేసిన రంధ్రంలో షాకును తగిలిస్తే, సీటు ఆ మేరకు కిందికి దిగుతుంది. రెండు పక్కలా రెండు పట్టీలు. బండిని ఊరికే నిలబెట్టి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎడం కొలిచాను. సరిపోయింది. బండల పనిలో పొడవూ వెడల్పే గాని బరువు ఎవరూ అడగరు. ఆ అలవాటే బండి దగ్గరా చూపించాను. బరువు పడితే స్ప్రింగు ఎప్పటిలాగే అణుగుతుంది, చక్రం మాత్రం మునుపటికన్నా పైకి పోతుంది. అది నా లెక్కలో లేదు.

లెక్కలో లేదు, సరే. అంతవరకే అయితే ఇది పొరపాటు. ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఓబులేసు ఎక్కి కూర్చున్నాడు. పాదాలు రెండూ నిండుగా నేలకు ఆనాయి. అతని ముఖం చూసి నాకు గర్వం పొంగింది. వెనక నేనెక్కాను. వీధి చివర గుంతలో బండి కుంగినప్పుడు నా కింద గర్రుమని చప్పుడయింది.

"ఏం సప్పుడన్నా అది?"

"కొత్త ఇనుము కదప్పా. నాలుగు దినాలు తిరిగితే సర్దుకుంటాది."

"నువ్వు చెప్తే ఇంగ అయిపోయినట్టే. శానా బాగుండాదన్నా, నా కాళ్లకిప్పుడు నేల దొరికింది."

అది మడ్‌గార్డు లోపలి బోల్టు కొన టైరును గీరిన చప్పుడని నాకు ఆ క్షణమే తెలుసు. చూడకుండానే తెలుసు. దిగి, వంగి చూస్తే చాలు. ఎందుకు వంగలేదు? వీధి అరుగుల మీద మనుషులు చూస్తున్నారు. వాళ్ల ముందు నా లెక్క తప్పిందని చెప్పలేకపోయాను. ఇంతకన్నా పెద్ద కారణం కోసం ఏళ్ల తరబడి వెతికాను, లేదు.

ఆ వారంలోనే, ఓబులేసు నమూనాల మూట వెనక కట్టుకుని పోతుండగా దారిలో టైరు పగిలింది. అతని ఎడమ మోకాలు బండి కింద నలిగింది. అందరూ కర్నూలు ఆసుపత్రికి పరిగెత్తారు. బండిని ఫ్యాక్టరీ ఆవరణలోకి తెచ్చి పడేశారు. నేను ఆసుపత్రికి పోలేదు. పానా తీసుకుని పట్టీలు విప్పాను. షాకులు పాత చోటే బిగించాను. మడ్‌గార్డు లోపలి బోల్టు కొనను ఆకురాయితో అరగదీశాను. చేతులు వణకలేదు. నాకు నామీద పుట్టే అసహ్యంలో సగం ఆ వణకని చేతుల మీదే.

మరునాడు నలుగురూ చుట్టూ చేరితే, చినిగిన ట్యూబు పైకెత్తి చూపించాను. మహబూబు వేసేటప్పుడే దాన్ని నలిపేశాడని చెప్పాను. కొలత నాది, మాట నాది, ఎవరు కాదంటారు? మంచంలో ఉన్న ఓబులేసుకూ అదే చెప్పాను. పట్టీలు ఎందుకైనా మంచిదని తీసేశానన్నాను. అతనూ నమ్మాడు. మహబూబు అంగడికి పోయేవాళ్లు తగ్గారు, తర్వాత అంగడే లేకుండా పోయింది.

ఆ పట్టీలనైనా పారేశానా? మంచి ఇనుము కదా అని మా మేకల దొడ్డి తలుపుకు వేశాను. రోజూ పొద్దున్నే వాటినే పట్టుకుని తలుపు తీస్తాను.

ఓబులేసు ఎడమ కాలు పొట్టిదయింది. ఇప్పుడు ఏ బండి ఎక్కినా ఆ పాదం నేలకు అందదు. అతను నడుస్తుంటే ఎంత తేడానో నా కన్ను వద్దన్నా కొలుస్తుంది.

మొన్న పనిమీద పత్తికొండకు పోతే టమోటా మార్కెట్టు దగ్గర మహబూబు కనిపించాడు. చిన్న రేకుల షెడ్డు. నన్ను గుర్తుపట్టి టీ తెప్పించాడు. మాట్లాడుతూనే ఒక టైరు బిగిస్తున్నాడు. బిగించాడు, మళ్లీ విప్పాడు, లోపల వేళ్లతో తడిమి మళ్లీ బిగించాడు. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు.

"ఆ పొద్దు నా చెయ్యి యాడ తప్పిందో నాకిప్పటికీ తెల్దన్నా. ఓబులేసన్న కాలు ఎట్లుండాది?"

బాగుందన్నాను. అతను ఇప్పించిన టీ తాగాను. బస్సెక్కి వచ్చేశాను.

అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. దీనితో మహబూబు చేతికి నమ్మకం తిరిగి రాదు, ఓబులేసు కాలూ పెరగదు. మీరు క్షమించాలనీ లేదు, అది మీ చేతిలోది కాదు. ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, నిజం నిజంగా ఉండాలి. ఆ ట్యూబు నలగలేదు. చప్పుడు నేను విన్నాను.