కెమెరా తేని ఆరు రోజులు

నా చిన్నప్పుడు మా పక్కింటి మావకి సోంపేటలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకి తప్ప కెమెరా గడప దాటించని మనిషి. అలాంటివాడు ఒక చలికాలం నా పోరు పడలేక, మహేంద్రతనయ ఏరు సముద్రంలో కలిసేచోట వాలే పక్షుల్ని ఫొటో తీస్తానన్నాడు. పెళ్లికి వాడిన రీలులో ఇంకొక్క ఫొటోకే చోటు మిగిలింది. నేను ఆగలేక, హంసల ఫొటో తెస్తానని బడంతా చాటేశాను. మా ఏటికి హంసలు రావు, వచ్చేవి కొంగలూ గూడబాతులూ. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

మొదటి రోజు మావ ఉత్త చేతులతో వచ్చాడు. మాసిన లుంగీ, తలకి తువ్వాలు. వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన చతికిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే పక్షులు లేచి అవతలి ఒడ్డుకి పోయాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. బడిలో పిల్లలు ఫొటో ఏదని ఎగతాళి మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చేది.

"ఏటి మావా, ఇయ్యాల కూడా కెమెరా తేలేదా?" అని గింజుకున్నాను.

"కూకో గుంటా. ముందల మనల్ని అవి సూడాల. తరవాత మనం సూద్దుం."

ఏడో రోజు పక్షులు లేవలేదు. ఒక గూడబాతు మాకు పది అడుగుల దూరంలో తీరిగ్గా ఈదుకుంటూ వచ్చింది. మావ ఆవేళ ఒళ్లో తువ్వాలు కప్పి తెచ్చిన కెమెరా తీసి ఒక్కసారి నొక్కాడు. ఆ ఫొటో చూసి, ఇది హంస కాదని బడిలో అందరూ నవ్వారు. నిజమే, కాదు. కానీ అది బెదురు లేకుండా మా వైపే చూస్తోంది. ఆ చూపు చూస్తే నాకు చాలా గర్వంగా అనిపించింది.

పెద్దయ్యాక నర్సునై కవిటి చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు పేరు చెప్పి రక్తం తీసుకుపోయినవాళ్లే గాని, తిరిగొచ్చి ఏం తేలిందో చెప్పినవాళ్లు లేరని అక్కడ చాలామందికి కోపం. రక్తపరీక్షకని వెళ్తే, ఒక ముసలమ్మ నన్ను చూడగానే తలుపు వేసేసేది. నేను మందుల సంచి ఇంట్లో వదిలి, పది రోజులు ఆమె అరుగు మీద కూర్చుని చీపుళ్లకి కొబ్బరి ఈనెలు తీశాను. ఆ తర్వాత ఒకనాడు ఆమే చెయ్యి చాచింది.

"రగతం తీసుకో అమ్మా. మళ్లీ వొచ్చి ఏటైందో సెప్పాల మరి."

రిపోర్టు మంచిగా రాలేదు. ఆ మాట చెప్పడానికీ నేనే వెళ్లాను, చెప్పాక సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఇప్పటికీ కొత్త గుమ్మం ఎక్కితే మొదటి రోజు ఏమీ అడగను. అడిగి తీసుకున్నాక, తిరిగి వెళ్లకుండా ఉండలేను.