మా అత్త చేతి తేనె

పోయిన సోమవారం పొద్దున నేను ధర్మవరంలో మా ఇంటి ముందు ముగ్గు వేస్తుంటే పెనుకొండ నుంచి మనిషి వచ్చాడు. మా మామ అంగట్లో పనిచేసే ముసలాయన. చెప్పులు వీధిలోనే విడిచి, మంచినీళ్ళు కూడా అడక్కుండా నిలబడిపోయాడు. "అమ్మా, మీ మేనత్త లేదమ్మా ఇంక. జ్వరమొచ్చి పండుకునింది. నిన్న మాపుకు పాయె" అన్నాడు. ముగ్గు సగంలోనే ఆపి లోపలికి వెళ్ళాను. ఏ రైలుకు బయలుదేరామో, దారిలో ఎవరు పలకరించారో నాకిప్పుడు గుర్తులేదు.

మా నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. మాది హిందూపురం, బజారులో చింతపండు, బెల్లం అమ్మే అంగడి. అత్తను పెనుకొండలో వేరుశనగ వ్యాపారం చేసే ఇంటికిచ్చారు. నన్ను ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఇంటికిచ్చారు. పుట్టిల్లు, అత్త ఇల్లు, నా ఇల్లు మూడూ ఒకే రైలుదారి మీద ఉండటం నా అదృష్టం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళను దేవతల్ని చేసేయడం మనకు అలవాటు. మా అత్త దేవత కాదు, మొండి మనిషి. ఇది చదివి ఉంటే "నా గురించి రాసేదానికి ఏముండాది? కాగితం దండగ" అని విసిరి పారేసేది. ఆమె ఇంక విసరలేదు కాబట్టి రాస్తున్నాను.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పెనుకొండ పోవడమంటే మాకు కొండెక్కడమే. తెల్లవారక ముందే అత్త బొరుగుల ఉగ్గాని చేసి, గిన్నెకు గుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుని ముందు నడిచేది. మేం చేతులూపుకుంటూ పోతూ కూడా ఆమెను అందుకోలేకపోయేవాళ్ళం. పైన కూర్చోబెట్టి, కింద కోట గోడలూ చెరువులూ కనబడుతుంటే, "చూడండబ్బా, ఇంత ఊరూ మీదే. తినండి" అనేది. ఊరు మాదెలా అవుతుందో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు, ఉగ్గాని అంత బాగుండేది.

ఆమెకింకో అలవాటు ఉండేది. ఇంటికెవరొచ్చినా అందరూ అడిగినట్టు "తింటివా?" అని అడిగేది కాదు. "నిద్ర పట్టిందా?" అని అడిగేది. మేం నవ్వేవాళ్ళం. నిద్ర కూడా ఒకరడగాల్సిన సంగతేనా అనుకునే వయసు మాది.

నాకు పదకొండో పన్నెండో ఏట సెలవులకు వెళ్తే అత్త ఎదురు రాలేదు. నడవలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మామ తనే బావి నుంచి నీళ్ళు తోడి తెస్తున్నాడు. దగ్గరికి పోయి "ఒళ్ళు బాగలేదా అత్తా?" అన్నాను. గోడవైపు నుంచే సమాధానం వచ్చింది.

"ఒళ్ళు బాగనే ఉండాది. బుద్ధే బాగలేదు. సోమరిదాన్ని అయిపోయినా."

మామ బిందె దించి, "ఎవురేమన్నారు ఇప్పుడు నిన్ను?" అన్నాడు.

"ఎవురూ అనలా. అనాల్సినోళ్ళు అనకపోతే నేనే అనుకుంటాండా."

మనసుకు జబ్బు చేసినవాళ్ళను లోకం ఆడిపోసుకోవడం తర్వాత చాలాచోట్ల చూశాను. మా అత్త విషయంలో లోకానికి ఆ శ్రమ లేకపోయింది. లోకం అనగలిగిన మాటలన్నీ ఆమే ముందుగా అనేసుకునేది. కొడుకు పుట్టిన కొత్తలో మొదటిసారి వచ్చిందట ఆ దిగులు. కొన్ని నెలలుండి పోయేది, ఏడాదో రెండేళ్ళో ఊరుకుని మళ్ళీ వచ్చేది. తాయెత్తులు కట్టారు, మొక్కులు మొక్కారు. చివరికి మామ బెంగుళూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఇది జ్వరం లాంటి జబ్బేననీ, ఆమె చేసిన తప్పేం లేదనీ చెప్పి మాత్రలిచ్చాడు. అత్త ఆ మాట నమ్మలేదు.

"జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. నాకేం కాలుతాండాది? తిని పండుకునేదానికి ఆయప్ప ఒక పేరు పెట్టినాడు. దుడ్లు దండగ" అంది. మాత్రలు మాత్రం మింగేది, మామ కోసం. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులకని చెప్పేది. రెండేసి మెట్లు ఎక్కే మనిషికి మోకాళ్ళ నొప్పులేమిటని ఎవరూ అడక్కపోవడం మా ఊళ్ళ మర్యాద.

దిగులు తగ్గగానే ఆమె పని చూస్తే భయమేసేది. విత్తనం కాయలు ఒలిచే రోజుల్లో బొటనవేళ్ళు పగిలిపోయేదాకా కూర్చునేది. "చాల్లే, లెయ్" అని మామ అంటే, పడుకున్న రోజులన్నిటికీ బదులు తీర్చాలనేది. ఎవరికి తీర్చాలో ఆమెకే తెలియాలి.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం ఆమె లేవలేని రోజులు. పక్కింట్లో తల్లి లేని పిల్ల ఒకతి ఉండేది. బడికి పోయే ముందు దువ్వెన పట్టుకుని అత్త దగ్గరికొచ్చేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే శక్తి లేదని మొహం తిప్పుకునే మనిషి, ఆ పిల్ల అడుగుల చప్పుడు వినగానే గోడ పట్టుకుని లేచి కూర్చునేది. నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు ముడేసి పంపి, మళ్ళీ గోడవైపు తిరిగేది. తన తల అట్టలు కట్టి ఉండేది. "ఇంత చేస్తివి కదత్తా, సోమరిదాన్నంటావేం?" అని నేనొకసారి అంటే, "జడేసేది కూడా ఒక పనేనా" అని కళ్ళు మూసుకుంది. నిండు బిందెతో కొండెక్కడమంత పని అదని నాకు పెళ్ళై, ఒళ్ళు అలిసి, లేవబుద్ధి కాని పొద్దులు నాకూ కొన్ని వచ్చాక తెలిసింది. అప్పటినుంచి ఆమెను తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా ఇళ్ళలో పుట్టిన బిడ్డకు మొదట నాలుక మీద తేనె రాస్తారు. రాసినవాళ్ళ గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం. అందుకని ఇంట్లో ఎవరి చేయి మంచిదో చూసి పిలుస్తారు. మా తమ్ముళ్ళు పుట్టినప్పుడూ, చుట్టాల ఇళ్ళలో కాన్పులప్పుడూ అత్త ముందుగా వచ్చేది. వేణ్ణీళ్ళు కాచేది, మైల గుడ్డలు ఉతికేది, బాలింతకు కాళ్ళు పట్టేది. తేనె గిన్నె లోపలికి వచ్చే వేళకు మాత్రం పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎవరూ పొమ్మనలేదు. రెండుసార్లు పేరుపెట్టి పిలిచారు కూడా. "నా చేయి వద్దు" అనేది. అంతకు మించి ఒక్క మాట రాలేదు ఆమె నోట.

నా మొదటి కాన్పు హిందూపురంలో, మా నాయన ఇంట్లోనే. పాప పుట్టింది. మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లి, తేనె గిన్నె పట్టుకుని వచ్చి ఎవరిని పిలవమంటావని అడిగింది. నేను ఆలోచించాల్సిన పనిలేదు.

"అత్తే పెట్టల్ల."

అవ్వ మొహం మారిపోయింది. "అది పెట్టదు లేవే. దాన్ని యేడిపించద్దు" అంది మెల్లగా. అత్త అప్పటికే పెరటి తలుపు దాకా పోయింది. అక్కడి నుంచే నావైపు తిరిగి, "వద్దు తల్లీ. నా దిగులు నాతోనే పోనీ. పసిదానికి యాడ అంటిస్తావు?" అంది.

నేనూ మొండిదాన్నే, ఆమె మేనకోడలినే కదా. "దిగులొస్తే రానీ అత్తా. దాంతోపాటు మిగతా నువ్వంతా కూడా వస్తావు కదా. నాకు అది కావల్ల" అన్నాను. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని ఊరుకోగల మనిషి కాదు మా అత్త, అది నాకు తెలుసు. చేతులు కడుక్కుంది. తుడుచుకుని మళ్ళీ కడుక్కుంది. వేలికి తేనె అద్దుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని పాప నాలుకకు తాకించింది. పాప ఏడుపు ఆపి చప్పరించింది. అత్త మాత్రం తప్పు చేసినట్టు వేలిని కొంగులో దాచుకుని బయటికి పోయింది.

ఆ తర్వాత ఆమె నెలకోసారి పెనుకొండలో రైలెక్కి ధర్మవరం వచ్చేది. నన్ను చూడటానికని చెప్పేది. వచ్చీరాగానే పాపను ఒళ్ళో వేసుకుని వరసపెట్టి అడిగేది. "నవ్వుతాందా? ఊరికే ఏడుస్తాందా? గోడపక్క తిరిగి పండుకుంటాందా?" నేను ఎగతాళి చేస్తే నవ్వేది కానీ, వెళ్ళే ముందు మళ్ళీ ఒకసారి పాప మొహం పట్టి చూసుకునేది. తన నుంచి ఏదైనా అంటిందేమోనని ఆ మనిషి ఏళ్ళ తరబడి అలా కాపలా కాసింది.

పాపకు నాలుగేళ్ళు దాటాక ఒకసారి అత్త వచ్చిన రోజే, పాప తలుపు మూలకు దూరి ముడుచుకుని కూర్చుంది. కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు, కళ్ళ నుంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. పిల్లలన్నాక అలాంటి వేళలుంటాయి. అత్త మొహం పాలిపోయింది. నా చేయి పట్టుకుని "చూస్తివా, వచ్చేసింది. నేను చెప్తే వింటివా?" అంది. ఆమె అక్కడే కూలబడిపోతుందని భయపడ్డాను. ఆమె నా చేయి వదిలి, తలుపు మూలకు పోయి, ఇరుకులో పాప పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"ఏమో" అంది పాప.

అత్త దాని తల మీద చేయి వేసి, "ఏం కాకపోయినా ఏడుపొస్తుందమ్మా ఒక్కోసారి. రానీ. నీ తప్పేం లేదు" అంది.

పాప ఇంకాసేపు వెక్కి, ముక్కు ఆమె చీరకే తుడుచుకుని, వీధిలో పిల్లల కేకలు వినబడగానే లేచి పరిగెత్తింది. నేను పిలుద్దామని తలుపు దగ్గరికి వెళ్ళాను. అత్త లేవలేదు. పాప వదిలిపోయిన చోటునే చూస్తూ, చేయి తన గుండెల మీద పెట్టుకుని, కొత్తగా నేర్చుకున్న మాటను కూడబలుక్కున్నట్టు మెల్లగా అంటోంది.

"నీ తప్పేం లేదు."

ఆ మూలలో అప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు.