తుఫాను తూర్పున, గాలి ఉత్తరాన్నుంచి

ఆ ఏడు తుఫాను మా తీరం దగ్గరదాకా వచ్చి మళ్ళిపోయింది. అది సముద్రంలో ఉన్న రెండు రోజులూ తాడేపల్లిగూడెంలో మా ఇంటి తలుపులు ఉత్తరపు గాలికి కొట్టుకుంటూనే ఉన్నాయి. కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన మా అత్తగారికి అది మింగుడుపడలేదు.

"తుఫాను తూర్పున సముద్రంలో ఉంటే, గాలి జంగారెడ్డిగూడెం వైపు నుంచి వస్తుందేంటమ్మా?"

నేను పెంటపాడు బడిలో సోషల్ టీచర్ని. భూమి తిరగడం వల్ల గాలి కుడివైపు ఒరుగుతుందని ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసే బాణాలే కాగితం మీద గీసి చూపించాను.

"బాణాలు బాగానే ఉన్నాయి. ఎందుకు ఒరిగిందో చెప్పలేదుగా!"

నాకు పౌరుషం వచ్చింది. వారం తిరక్కుండా, ఏలూరులో ఆవిడ కొత్త కళ్ళజోడు తీసుకుని వస్తుంటే దారిలో పార్కులోకి లాక్కెళ్ళాను. పిల్లల రంగులరాట్నం ఖాళీగా ఉంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దోళ్ళు ఎక్కకూడదండీ!"

"ఏవండీ, మేం పాఠం నేర్చుకోడానికొచ్చామండీ. కాస్త మీరే తిప్పిపెట్టండి," అన్నారు అత్తగారు అప్పటికే కూర్చుని.

ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే భూమి ఎలా తిరుగుతుందో అలాగే, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పమన్నాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ సంచిలోంచి బత్తాయి తీసి సరిగ్గా నా మీదికే విసిరారు. అది ఆవిడకి కుడివైపుగా వంకర తిరిగి గడ్డిలో పడింది. రెండోదీ అంతే.

"ఈ కళ్ళజోడు వంకరగా ఉన్నట్టుందమ్మాయ్!"

"కాదండీ," అన్నాడు బయట నుంచున్న వాచ్‌మన్. "కాయ తిన్నగానే వెళ్తోందండీ. మీరే తిరిగిపోతున్నారు!"

నేను చప్పట్లు కొట్టాను. గాలీ అంతేనని అరిచి చెప్పాను. అన్ని వైపుల నుంచీ తుఫాను మీదికి తిన్నగా బయల్దేరుతుంది. కింద భూమి తిరిగిపోతుంటుంది గనక, భూమి మీదున్న మనకి అది కుడికి ఒరిగినట్టు ఉంటుంది. అలా ఒరుగుతూ తుఫానుని ఎడమపక్కన పెట్టుకుని చుట్టూ తిరుగుతుంది.

ఆవిడ చేతులు చాచి లెక్క చూసుకున్నారు. "అంటే తుఫాను ఎడమపక్కన తూర్పునుంటే, గాలి పోయేది దక్షిణానికి. మనకి ఉత్తరపు గాలే! ఓరి నాయనో!"

దిగాక ఇద్దరం నాలుగడుగులు కూడా తిన్నగా వెయ్యలేకపోయాం. ఒకరినొకరు పట్టుకుని గడ్డిలో కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, "నన్నూ ఓసారి తిప్పుతారేంటండీ?" అన్నాడు.

అత్తగారు చీర చెంగు బొడ్లో దోపుకుని లేచారు.