మూడో నంబరుకి వైద్యం

అచ్చాఫీసులో అందరూ డాక్టరు బాబాయి అని పిలిచే ఆయన వైద్యం చదవలేదు. కంప్యూటర్లు బాగుచేస్తాడు, అంతే. కాకపోతే ఒక కంప్యూటరు పాడైపోయిందన్న మాట ఆయన నోటివెంట ఇంతవరకు ఎవరూ వినలేదు. తెర నల్లబడి, లోపల్నించి పొగ లేచి, జనం హడలిపోయి అటూ ఇటూ పరిగెడుతున్నా సరే, "కాస్త నలతగా ఉంది. ఇంకో రెండ్రోజులు చూద్దాం" అనేవాడు.

ఆ రెండ్రోజులు ఏనాడూ రెండ్రోజుల్లో తేలవు. ఒక ప్రింటరు విషయంలో నాలుగేళ్ళు నడిచాయి. వానాకాలం వస్తే కంప్యూటర్లకి దుప్పట్లు కప్పేవాడు. ఫ్యాను గరగరలాడితే చెవి ఆనించి, "నెమ్ము చేరింది" అనేవాడు. ఎవరైనా విసుగొచ్చి మానిటరు నెత్తిన ఒక్కటిస్తే, "పేషెంటుని కొడతారా?" అని ఆ పూటంతా వాళ్ళతో మాట్లాడేవాడు కాదు.

ఈయనతో వేగలేక సతమతమయ్యేది ప్రెస్సు యజమానురాలు. స్వయానా అన్నగారి కూతురు. ఈమధ్య ఆమె ధైర్యం చేసి ఐదు కొత్త కంప్యూటర్లు కొంది. నాలుగు పని మొదలుపెట్టాయి. ఐదోదాన్ని మాత్రం బాబాయి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "ప్రయాణపు బడలికలో ఉంది" అన్నాడు. పాతవి నాలుగు వెనక గదిలో చేరాయి. ఇప్పుడు ఆ గదిలోకి కాగితం కోసే మెషీను రావాలి. దానికి మరో చోటు లేదు.

"బాబాయ్, శనివారం పాతసామాన్లాయన వస్తాడు. నాలుగూ ఇచ్చెయ్యాలి."

"మిగతావి ఇచ్చెయ్. ఆ మూడో నంబరు మాత్రం..."

"ఇంకో రెండ్రోజులా?"

"నీకెలా తెలిసింది?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

మూడో నంబరంటే ఆమెకీ గుబులే. అది పుస్తకాల్ని అచ్చుకోసం టైపుచేసే ఆవిడది, అందరికీ ఆవిడ కంపోజింగు అత్తయ్య. ఇరవై ఏళ్ళుగా అక్కడ అచ్చయిన ప్రతి పుస్తకం ఆవిడ చేతి మీదుగా వెళ్ళిందే. కొత్త కంప్యూటర్లలో తెలుగక్షరాలన్నీ వేరే మీటల మీదికి మారిపోయాయి. మొదటిరోజు ఆవిడ అలవాటుకొద్దీ 'అమ్మ' అని కొడితే, తెర మీద పలకడానికి వీల్లేని మాటేదో ప్రత్యక్షమైంది.

"ఈ వయసులో నా వేళ్ళకి మళ్ళీ ఓనమాలు దిద్దించలేనమ్మాయ్. మూడో నంబరు వెళ్ళిన రోజే నేనూ వెళ్తాను" అని చెప్పేసింది.

ఆవిడ లేని ప్రెస్సుని యజమానురాలు ఊహించుకోలేకపోయింది. అందుకే నెల కిందట అత్తయ్య వెనక గదిలో మూడో నంబరుతో కూర్చుంటానంటే సరేనంది. గుమ్మంలో బాబాయి కాపలా. ఎవరైనా తొంగిచూడబోతే, "ఆపరేషను నడుస్తోంది" అని వెనక్కి పంపేవాడు. లోపల్నించి టకటకమని చప్పుడు వినిపించేది. మొదట్లో రోజుకి రెండు పేజీలే వచ్చేవి. నెల తిరిగేసరికి పదహారయ్యాయి.

"చూశావా, ఎలా కోలుకుందో!" అని మురిసిపోయేవాడు బాబాయి.

శనివారం రానే వచ్చింది. గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డ బాబాయిని యజమానురాలే పక్కకి జరిపింది. పాతసామాన్లాయన మూడు పెట్టెల్ని ఆయాసపడుతూ మోశాడు. మూడో నంబరు దగ్గరికొచ్చి బలంగా లేపబోయాడు. అది ఒంటిచేత్తో గాల్లోకి లేచింది.

"అమ్మగారూ, ఇది ఉత్త డొల్ల. లోపలేమీ లేదు!"

యజమానురాలు బాబాయి వంక చూసింది. బాబాయి కప్పు వంక చూశాడు.

"లోపలేమీ లేనిది పదహారు పేజీలు ఎలా కొట్టింది బాబాయ్?"

ఆమె బల్ల మీది దుప్పటి లాగింది. కింద ఐదో కొత్త కంప్యూటరు హాయిగా నడుస్తోంది. దాని మీటలన్నిటి మీదా జిగురు మరకలు. రెండిటి మీద మాత్రం చిన్న కాగితమ్ముక్కలు, వాటి మీద బాబాయి వంకర చేతిరాతలో అక్షరాలు.

"మూడో నంబరు నెల కిందటే చేతులెత్తేసిందమ్మాయ్, లోపలివన్నీ విప్పి చూసినా లాభం లేకపోయింది" అన్నాడు బాబాయి నీళ్ళు నములుతూ. "పోయిందని ఆవిడకి చెబితే ఆ నిమిషమే సంచి తగిలించుకుని వెళ్ళిపోతుంది. అందుకని, అది బాగయ్యేదాకా దీనిమీద కాలక్షేపం చెయ్యండన్నాను. ఏ మీట ఏ అక్షరమో రాసి అంటించి, వేలికి అలవాటైన అక్షరం మీది కాగితం రోజుకొకటో రెండో పీకేస్తూ వచ్చాను. ఇంకా రెండున్నాయి. ఇప్పుడే చెప్పెయ్యాల్సొచ్చింది."

"నాకు తెలీదనుకున్నారా డాక్టరుగారూ?" అంది అత్తయ్య కుర్చీలోంచి. "మొదటి వారమే మూత తీసి చూశాను. మీరు రోజూ దుప్పటి సర్ది, దాన్ని పలకరించి వెళ్తుంటే, పోయిందని మీకెలా చెప్పేది? తట్టుకోలేరని ఊరుకున్నాను."

వీళ్ళిద్దరి మధ్యా నెల్లాళ్ళుగా వెర్రిదాన్నయింది నేనేనన్నమాట అనుకుంది యజమానురాలు. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ నవ్వే వచ్చింది. అయినా అడక్క తప్పలేదు.

"మరి వెళ్తానన్నారుగా అత్తయ్యా?"

అత్తయ్య ఆ మిగిలిన రెండు కాగితమ్ముక్కల్నీ గోటితో గీకి పారేసింది.

"ఎక్కడికి? నేను కొడుతున్న పుస్తకంలో ఐదో పాఠం సగంలో ఉంది. ముందు నా బల్ల కిటికీ దగ్గరికి జరిపించు. ఇంకో మాట, దీని మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఊరుకోను."