పసుపు గొడుగూ, బారువ వంతెనా

మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. పలాస నుంచి ఒడిశా వైపు నడుపుతారు. బారువ దగ్గర ఏటి మీద రైలు వంతెన దాటేటప్పుడల్లా నన్ను తలచుకుని కూత వేస్తానని పెళ్లయిన కొత్తలో చెప్పారు. వచ్చే వారం నుంచి ఆయనకు వేరే లైను. "ఈ ఆఖరిసారి వంతెన కాడికి రాయే. పసుపు గొడుగు పట్టుకుంటే పైనుంచి ఆనవాలు పడతాను" అన్నారు. బుద్ధి తక్కువై సరేనన్నాను.

ఏడింటి ప్యాసింజరు ఎనిమిదిన్నరకి వచ్చింది. సోంపేటలో దిగి ఆటో మాట్లాడి, వంతెన అని రెండుసార్లు చెప్పినా అతను నేరుగా బీచికి తీసుకెళ్లాడు. అక్కడ కుర్రాళ్లు పలకల మీద నిలబడి కెరటాలెక్కుతున్నారు.

"బయటోళ్లందరూ దీనికేగదమ్మా వస్తారు. వంతెన కాడ ఏటున్నాది సూడ్డానికి?" అన్నాడు. వెనక్కి తిప్పడానికి మళ్లీ అంత కిరాయీ తీసుకున్నాడు. మీరు వెళితే, బీచికి కాదని ఎక్కకముందే ఒట్టు వేయించుకోండి.

వంతెన పక్కన ఇసుకలో రాములమ్మ అనే ఆవిడ చేపలు ఎండబెడుతోంది. ఒడిశా నుంచి పలాసకి తిరిగొచ్చే ఆయన గూడ్సు పదకొండుకి రావాలి. ఒంటిగంటైంది. నీడ లేదు, తెచ్చుకున్న నీళ్లూ అయిపోయాయి.

"ఆ బండి కోసరం మేమూ సూస్తన్నాం. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అదినిపిస్తే సేపలు తిరగేత్తాం. మాకోసరమే కొడతన్నాడు, మంచోడు" అంది రాములమ్మ.

ఇన్నేళ్లూ నాదనుకున్న కూత. ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఆ మంచోడు నా మొగుడేననీ, గొడుగు సంగతీ చెప్పాను.

రెండున్నర ప్యాసింజరు తప్పితే రాత్రి దాకా పలాసకు బండి లేదు. లేవక తప్పలేదు.

"గొడుగు నాకిచ్చి ఎల్లమ్మా. బండొస్తే నానూపుతాను" అంది.

సోంపేటలో మా ప్యాసింజరుకి దారివ్వడానికి ఒక గూడ్సును పక్క లైనులో నిలబెట్టారు. జనాన్ని తోసుకుని కిటికీ దగ్గరకి చేరేలోగా దాని ఇంజను దాటిపోయాం. వంతెన మీద నుంచి చూస్తే రాములమ్మ గొడుగు ముడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా బండి వైపు తలెత్తలేదు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చారు. "సోంపేటలో మూడు గంటలు ఆపేసినారే. ఇసుగొచ్చి ఎల్లిపోయుంటావనుకున్నాను. వంతెనెక్కేసరికి గొడుగూపుతున్నావు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చినాయి. అంతసేపు ఎండలో నిలబడితే కాళ్లు నొప్పెట్టలేదేటి?"

పొద్దుటి నుంచి కూడబెట్టిన చిరాకంతా ఆయన మీద కక్కేద్దామని గుమ్మంలోనే కాచుకు కూర్చున్నాను.

"నొప్పెట్టేయి" అన్నాను.